దెందులూరుకో పీట్ కరెంటు ప్లాంటు

ఐర్లండ్ వాళ్లకి బొత్తిగా బుద్ధి లేదండి. షానన్‌బ్రిడ్జి, లేన్స్‌బరో ఊళ్లలో పీట్ మండించి కరెంటు తీసే స్టేషన్లు రెండుంటే, 2020 డిసెంబరులో రెండింటికీ తాళాలేశారు. చిత్తడి నేలల్లో నాచూ గడ్డీ వేల ఏళ్లు నీట నాని, పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నల్లమట్టే పీట్. కోసి ఎండబెడితే పిడకలా మండుతుంది. బొగ్గును మించి కార్బన్ వదులుతుందని వాళ్ల బెంగ.

మనకా బెంగ లేదు కాబట్టి ఆ మిషన్లు దెందులూరుకి తెప్పించాలని మనవి. పక్కనే హైవే, ఆ దిగువన కొల్లేరు సరస్సు. పీట్ ఏదంటారా? ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. మీటరు మందానికి వెయ్యేళ్లు. పర్లేదండి. 2008లో శంకుస్థాపన జరిగిన చింతలపూడి ఎత్తిపోతల నీళ్ల కోసం ఇంకా ఎదురుచూస్తున్న జిల్లా ఇది. శిలాఫలకం ముందే వేసేస్తే, వచ్చిన ప్రభుత్వమల్లా పేరు మార్చుకుంటుంది.

చిక్కల్లా ఒక్కటే. పీట్ పుట్టాలంటే గడ్డి ఏడాది పొడవునా నీళ్లలో ఉండాలి. అంటే సరస్సులో నీళ్లుండాలి. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కించారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత పొక్లెయిన్లు రాత్రిపూట మళ్లీ దిగాయి. మే నెలలో ఏ గట్టెక్కి చూసినా చాలు: ఇటు నిండు చెరువులో ఏరేటర్ చక్రాలు నురగలు కక్కుతుంటాయి, అటు కొల్లేట్లో నెర్రెలిచ్చిన నల్లమట్టి, ఎండిన గుర్రపుడెక్క, వాటి మధ్య గేదెలు.

అయిదెందుకు, మూడో కాంటూరు చాలని 2008లో అసెంబ్లీ తీర్మానించింది. 2024 సెప్టెంబరులో బుడమేరు ఆ తీర్మానాన్ని ఖాతరు చెయ్యకుండా లంక గ్రామాల్లోకి నడిచొచ్చింది. అసెంబ్లీ అంటే గౌరవం లేని ఏరు!

ఐర్లండ్ వాళ్లు తమ చిత్తడి నేలలు తగలేసినా, ఇన్నేళ్లూ బల్బులు వెలిగించుకున్నారు. మనం ఒక్క యూనిట్టు కూడా తీయకుండానే కొల్లేరుని ఎండగట్టాం. పైగా ఆక్వా జోన్లకి యూనిట్టు రూపాయిన్నర సబ్సిడీ రేటు. అందుచేత ప్లాంటు వచ్చి తీరాలి. రాత్రిళ్లు కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతున్నాయండి మరి!