చిరునవ్వు శాస్త్రంలో పట్టా

ఇంటర్మీడియట్ ఫలితాలు రాగానే అమీర్‌పేట గోడల మీదికీ ఆటోల వెనక్కీ ఎక్కే విమానాశ్రయ శిక్షణ ప్రకటనలను చూసినవారికి, గ్రౌండ్ స్టాఫ్, అనగా తాము విమానం ఎక్కకుండా ప్రయాణికులనూ సామానునూ సాగనంపే సిబ్బంది, చేయవలసిన ముఖ్యమైన పని నవ్వడమేనని ఈపాటికి రూఢి అయి ఉంటుంది.

ఈ శాస్త్రం సామాన్యమైనది కాదు. గ్రూమింగ్ అని వ్యవహరించే ఈ అలంకారవిద్యలో స్కార్ఫు ముడి ఎటు తిరగాలో, పెదవుల రంగు ఏ ఛాయ దాటరాదో బోధించిన మీదట, విద్యార్థినిని అద్దం ముందు నిలిపి నవ్వును అభ్యాసం చేయిస్తారు. విమానం ఆలస్యమైతే విచారం కలిసిన నవ్వు, రద్దయితే నవ్వు కలిసిన విచారం ఒలికించాలని సిద్ధాంతం. గేటు మూశాక రొప్పుతూ వచ్చి "నేనెవరో తెలుసా" అని గద్దించే పెద్దమనిషికి ఎన్ని పళ్ళు చూపాలన్న విషయంలో మాత్రం ఆచార్యుల మధ్య ఏకాభిప్రాయం కుదిరినట్టు లేదు.

నాలుగింటి షిఫ్టు కోసం అర్ధరాత్రి దాటగానే నిద్ర లేచి, క్యాబు కోసం వీధి చివర ఒంటరిగా నిలబడే ఆడపిల్ల నవ్వాలా, మానాలా అన్నది పాఠ్యప్రణాళికలో లేదు.

ప్రకటనల బొమ్మల్లో లోడరు, అనగా సామాను ఎక్కించి దించే మనిషి, ఎన్నడూ కనబడడు. చిన్న విమానాల కడుపులోని సామాను అరలో నిటారుగా నిలబడే ఎత్తు ఉండదు కనుక అతడు మోకాళ్ళ మీద పాకుతూ పెట్టెలు పేర్చాలి. బయటికి వస్తే ఏప్రన్, అనగా విమానాలు నిలిపే కాంక్రీటు ఆవరణ, మే నెల ఎండకు కాలుతూ, ఇంజన్ల హోరుతో చెవులకు చిల్లులు పొడుస్తూ ఉంటుంది. 2024 జూలైలో ముంబయిలో ఇటువంటి ఉద్యోగాలు సుమారు 2,200 ఉన్నాయంటే 25,000 మందికి పైగా వచ్చి తొక్కులాడుకున్నారని పత్రికలు రాశాయి. గిరాకీ లేనిది ఉద్యోగార్థులకు గాని, ఉద్యోగాలకు కాదని తెలిసి కూడా పేదవాని ఆశ మీద శిక్షణ రుసుము వసూలు చేయడం విద్యాదానం కాదు, దోపిడీ.

2025 డిసెంబరులో విమానాలు వందలకొద్దీ రద్దయినప్పుడు, పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచిన నిబంధన మీద దేశమంతా చర్చించింది. ఆ రద్దు నిర్ణయాల్లో ఏ పాత్రా లేకపోయినా, కౌంటరు వెనుక నిలబడి తిట్లు తిన్న చిరుద్యోగుల విశ్రాంతి గంటలను లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. చాలాచోట్ల వారు విమానసంస్థ ఉద్యోగులైనా కారు. గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీ, అనగా నేలమీది పనులను గుత్తకు తీసుకునే సంస్థ, కాంట్రాక్టు మీద పెట్టుకున్నవారు.

కాబట్టి రుసుము కట్టబోయే తల్లిదండ్రులు నియామకపత్రం మీద ఏ సంస్థ పేరుంటుందో, కోతలు పోను చేతికి ఎంత జీతం వస్తుందో రాతపూర్వకంగా అడగాలి. జవాబుగా నవ్వు మాత్రమే వస్తే డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంటికి వెళ్ళాలి.