చిన్న డ్రైవు పద్యానికి టీకా తాత్పర్యములు

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది కోలాచలం. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మీదుగా నర్సాపూర్ దాటి మెదక్ వైపు పోతే తగిలే కొల్చారమే ఆ ఊరు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన ప్రతిన పట్టాడు. అదే దారి మొదట్లో కాపురముంటున్న ప్రస్తుత వ్యాఖ్యాత అలాంటి ప్రతినలేవీ పట్టలేదు.

ఈ పద్యం పాత బోయిన్‌పల్లిలో ఒక కంప్యూటర్ రిపేరు కొట్టు రసీదు వెనక, బాల్‌పెన్నుతో రాసి ఉంది. కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం ఊహించవచ్చు. హార్డుడిస్కును పాతది అన్నాడు గనుక ఎస్‌ఎస్‌డీలు వచ్చాకే రాసి ఉండాలి. పారేయమనలేదు గనుక సంసారి అయి ఉండాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ వంకతో పాత కంప్యూటర్ డబ్బా విప్పిన ప్రతి ఇంట్లోనూ ఏ డ్రైవులో సిస్టం, ఏ డ్రైవులో గేములు అన్న తగవు లేచింది. పద్యానికి ఇప్పుడు అక్కర పడింది అందుకే.

పద్యము

చిన్న డ్రైవు పైన సిస్టము నుంచుమా
పెద్దదాన గేము పెట్టుకొనుము
పాత హార్డుడిస్కు ఫైళ్ళకు చాలును
కలిపి యుంచనేల కష్టముగద!

టీక

చిన్న డ్రైవు పైన = తక్కువ జీబీలు గల ఎస్‌ఎస్‌డీ యందు; సిస్టమును = విండోసు, దాని డ్రైవర్లు, బ్రౌజరు మొదలైన పరివారముతో కూడిన ఆపరేటింగ్ సిస్టమును; ఉంచుమా = ఉంచుము (ఇట దీర్ఘము బతిమాలుటను సూచించును); పెద్దదాన = అంతకు రెండు మూడు రెట్లు చోటు గల మరియొక ఎస్‌ఎస్‌డీ యందు; గేము = గేములను (జాత్యేకవచనము; ఒక్క గేముతో ఆగినవాడు లోకమున లేడు గనుక); పెట్టుకొనుము = ఇన్‌స్టాలు చేసికొనుము; పాత హార్డుడిస్కు = గిరగిర తిరుగు పళ్ళెములు గల పూర్వకాలపు డిస్కు; ఫైళ్ళకు = పెళ్ళి ఫొటోలకు, సినిమాలకు, ఎవ్వరును తెరువని స్కానింగు కాగితములకు; చాలును = సరిపోవును; కలిపి = అన్నిటిని ఒకేచోట; ఉంచనేల = ఉంచుట యెందులకు; కష్టముగద = ఫార్మాట్ చేయవలసిన నాడు కష్టమే కదా.

తాత్పర్యము

సిస్టముకు ఒక డ్రైవు, గేములకు అంతకంటె పెద్ద డ్రైవు వేరుగా ఉండవలెను. పాత డిస్కును దాపరికమునకు వాడుకొనవలెను. ఇంతవరకు బడిపిల్లలకు కూడా తెలుస్తుంది. రెండు ఎస్‌ఎస్‌డీలు చేతిలో ఉంటే ఏది చిన్నదానికి తగినది, ఏది పెద్దదానికి తగినది అన్నచోటనే చిక్కు. కవి ఆ మాట చెప్పకుండా తప్పుకున్నాడు. కవులు అలా తప్పుకోబట్టే వ్యాఖ్యాతలు బతుకుతున్నారు.

విశేషములు

ఛందస్సు ఆటవెలది. గేముల సంగతి చెప్పే పద్యానికి కందమో సీసమో ఎత్తుకోకపోవడం కవి ఔచిత్యం. మొదటి పాదంలో చి-సిలకు యతిమైత్రి కుదిరింది. మదర్‌బోర్డు మీది ఎం.2 స్లాటుకూ అందులో దూర్చే ప్రతి డ్రైవుకూ ఇలాంటి మైత్రి ఉంటుందని మాత్రం అనుకోకూడదు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుతో అన్నీ అక్కచెల్లెళ్ళలాగే కనిపిస్తాయి గాని కొన్ని శాటావి, కొన్ని ఎన్‌వీఎంఈవి. శాటా సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈలో మూడో తరానివి 3,500 దాకా, నాలుగో తరానివి 7,000 దాకా పోతాయి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాటు నింపగానే ఒకటి రెండు శాటా పోర్టులు మూగబోతాయి. మూడో పాదంలోని పాత హార్డుడిస్కు ఉన్నట్టుండి కనిపించకపోతే, అది చచ్చిందని ఏడవకముందు బోర్డు మాన్యువల్ తెరవండి.

ఇక పూర్వపక్షం. పూర్వపక్షి మా మేనల్లుడు, ఇంటర్ చదువుతున్నాడు.

"మామయ్యా, డబ్బా మీద ఏడువేలని రాశాడు. శాటాది అయిదువందల యాభయ్యే. అంటే విండోస్ పన్నెండు రెట్లు తొందరగా లేవాలి కదా?"

లేవదు అల్లుడూ. ఆ ఏడువేలు ఒక పెద్ద ఫైలును వరసగా చదివినప్పటి లెక్క. విండోస్ లేచేటప్పుడు కావలసినవి అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉన్న చిన్న చిన్న ముక్కలు, చాలావరకు 4 కేబీలవి. ఒకటి అడిగి, అది వచ్చాక మరొకటి అడిగే ఈ పనిలో మంచి నాలుగో తరం డ్రైవు కూడా సెకనుకు వంద ఎంబీ దాటడం అరుదు. హార్డుడిస్కు కష్టం వేరు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్ళెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. అడిగిన ముక్క ముల్లు కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం కాచుకోవాలి, ముల్లు జరిగే కాలం దీనికి అదనం. ఎస్‌ఎస్‌డీ మిల్లీసెకనులో పదోవంతు కూడా తీసుకోదు. కాబట్టి హార్డుడిస్కు వదిలి ఎస్‌ఎస్‌డీకి వచ్చినవాడికి మోక్షమే. శాటా వదిలి ఎన్‌వీఎంఈకి వచ్చినవాడికి మిగిలేది రెండు మూడు సెకన్లు.

"అయితే ఆ ఏడువేలు గేములకు పనికొస్తాయా?" ఇది రెండో ఆక్షేపం, ఇందులో కొంత బలముంది. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5లో సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్‌ఎస్‌డీ పెట్టి, గేములనే దానికి తగ్గట్టు కట్టారు. కంప్యూటర్లకు ఆ విద్య నేర్పడానికి మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో డైరెక్ట్‌స్టోరేజ్ విడుదల చేసింది. దాన్ని వాడుకున్న మొదటి గేము ఫోర్‌స్పోకెన్ 2023 జనవరిలో వచ్చింది. ఆ తర్వాత ఆ దారిన నడిచినవి కొద్దే. మిగతా గేముల్లో కుదించిన సరుకును విప్పే పని ప్రాసెసర్‌ది, ఆలస్యం అక్కడ. డ్రైవు ఎంత తొందరగా తెచ్చి ఇచ్చినా లోడింగ్ తెర ముందు కూర్చోక తప్పదు. బల్దర్స్ గేట్ 3, స్టార్‌ఫీల్డ్ వంటివి కనీస అర్హతల్లోనే ఎస్‌ఎస్‌డీ కావాలని రాశాయి; ఆ ఎస్‌ఎస్‌డీ శాటాది అయినా కాదనవు.

గేములు నిజంగా అడిగేది వేగం కాదు, జాగా. బల్దర్స్ గేట్ 3కు 150 జీబీ కావాలి, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు 150, స్టార్‌ఫీల్డ్‌కు 125. కలిపితే 425. డబ్బా మీద 500 జీబీ అని రాసిన డ్రైవు విండోస్‌లోకి వచ్చేసరికి 465గా కనిపిస్తుంది. కంపెనీవాడు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది. మిగిలింది నలభై. విండోస్ 11 తనకే 64 జీబీల డ్రైవు కావాలంటుంది. మూడంటే మూడు గేములకు ఇల్లు నిండిపోయి ఇంటివాడు వీధిన పడ్డాడన్నమాట. కవి 'పెద్దదాన' అనడంలోని లోతు ఇదే.

మరి 'చిన్న' ఎందుకన్నాడు? ఇక్కడ కవి మనసు పట్టుకోవాలంటే డబ్బా మీది అంకె వదిలేసి, ఎవరు ఎంత రాస్తారు అన్నది చూడాలి. సిస్టం చేయి ఊరుకోదు. లాగులు రాస్తుంది, బ్రౌజరు కాష్ రాస్తుంది, ర్యామ్ చాలకపోతే పేజీఫైలులో గిలుకుతుంది, నెలనెలా అప్‌డేట్లు దింపుకుంటుంది. గేము అలా కాదు. ఒకసారి రాసి నూరుసార్లు చదువుకునే గ్రంథం. ఈ తేడాయే ఏ చిప్పు ఎవరికన్నది తేలుస్తుంది.

తోషిబాలో ఫుజియో మసుఒకా బృందం 1987లో లోకానికి చూపించిన నాండ్ ఫ్లాష్‌కు ఒక మొండిగుణం ఉంది. రాసేది చిన్న పేజీలుగా, చెరిపేది మాత్రం పెద్ద బ్లాకుగా. ఒక పేజీని ఉన్నచోటనే దిద్దడం దానికి చేతకాదు. తెల్లవారుజామున బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ యార్డు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కరలేదు. షెడ్డు ఖాళీగా ఉంటే లారీ నిమిషాల్లో దిగుతుంది. మూల మూలన నాలుగేసి గంపలు మిగిలి ఉంటే హమాలీలు ముందు వాటిని మరో షెడ్డుకు మోసి, ఇది ఊడ్చి, అప్పుడు గాని కొత్త సరుకు దింపరు. నిండిపోయిన ఎస్‌ఎస్‌డీ నత్తనడక నడవడానికి కారణం ఇలాంటి మోతలే. పదిహేను ఇరవై శాతం ఖాళీ వదలమని పెద్దలనేది ఇందుకే. (యార్డు చెత్త మాత్రం వృథా పోదు. రోజుకు పది టన్నుల చెత్త నుంచి అయిదువందల యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో మెచ్చుకున్నారు. ఎస్‌ఎస్‌డీ మాత్రం కరెంటు ఖర్చుపెట్టి మరీ తన చెత్త ఎత్తుకుంటుంది.)

ఇక చిప్పుల రకాలు. ఫ్లాష్ చిప్పులో ఒక గదిలో (సెల్లులో) మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. ఇరుకు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది, రాత మందగిస్తుంది, ఆయువు తగ్గుతుంది. శాంసంగ్ 970 ఈవో ప్లస్ ఒక టీబీ టీఎల్‌సీ డ్రైవుకు 600 టీబీ రాతల దాకా హామీ. క్రూషియల్ పీ3 ఒక టీబీ క్యూఎల్‌సీ డ్రైవుకు 220. రోజుకు 30 జీబీ రాసినా 220 టీబీ తరగడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది గనుక ఆయువు గురించి బెంగ వద్దు. నొప్పి వేరేచోట ఉంది. క్యూఎల్‌సీ డ్రైవు ముందర వేగంగా రాసుకునే చిన్న కాష్ నిండిందంటే రాత వేగం హార్డుడిస్కు స్థాయికి జారిపోతుంది. గేము దిగేటప్పుడు అది జరిగితే చాయ్ తాగి రావచ్చు. సిస్టం డ్రైవులో జరిగితే మౌసు కూడా పలకదు.

కనుక నిర్ణయం: రెండింటిలో టీఎల్‌సీ ఏదో, వీలైతే సొంత డీర్యామ్ ఉన్నది ఏదో అది సిస్టానికి, ప్రాసెసర్‌కు నేరుగా కలిసిన స్లాటులో. క్యూఎల్‌సీ అయినా శాటా అయినా ఎక్కువ జాగా ఉన్నది గేములకు. డబ్బా మీది వేగం ఇందులో మూడో సాక్షి మాత్రమే.

"అసలు రెండెందుకు మామయ్యా? ఒకే రెండు టీబీల డ్రైవు కొంటే పోలా?" నాలుగో పాదానికి ఇది గొడ్డలిపెట్టు. నిజం చెప్పాలంటే 'కలిపి యుంచనేల' అన్నది 2008 నాటి బుద్ధి. ఆ ఏడు ఇంటెల్ ఎక్స్25-ఎం 80 జీబీ డ్రైవు 595 డాలర్లతో వచ్చింది. సిస్టం ఒక్కటీ దూరితే చాలనుకునే రోజులవి. కొత్తగా కొనేవాడికి ఒకే పెద్ద టీఎల్‌సీ డ్రైవు మేలు. కానీ 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో ధరలు పైకెక్కాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మడం మానేస్తున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. దాంతో ఇంట్లో మూలపడి ఉన్న శాటా ఎస్‌ఎస్‌డీకీ, దానితోపాటు ఈ పద్యానికీ మళ్ళీ గిరాకీ వచ్చింది. పైగా విండోస్ తుడిచి మళ్ళీ వేసిన రోజున, వేరే డ్రైవులో ఉన్న స్టీమ్ ఫోల్డరును చూపిస్తే చాలు, గేములు మళ్ళీ దింపుకోనక్కరలేదు. 'కష్టముగద' అన్నది ఆ అనుభవం మీద పుట్టిన మాటే.

పాఠాంతరము

మూడో పాదానికి "పాత హార్డుడిస్కు పారవేయుము సుమీ" అన్న పాఠం పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వినబడుతుంది. గణాలు సరిపోయాయి, యతీ చెల్లింది. అయినా కొత్త డ్రైవు అమ్మేవాడు చొప్పించిన ప్రక్షిప్తమని తోస్తుంది కనుక గ్రాహ్యం కాదు.

కవి చెప్పక విడిచినది ఒకటుంది. విండోస్ వేసేటప్పుడు సిస్టం డ్రైవు ఒక్కటే ఉంచి, మిగతావాటి కేబుళ్ళు పీకేయండి, ఎం.2 అయితే స్క్రూ విప్పి తీసేయండి. లేకపోతే బూట్ ఫైళ్ళు గేముల డ్రైవులోకి పోయి కూర్చోవచ్చు. అలా జరిగితే రేపు ఆ డ్రైవు తీసిన రోజున కంప్యూటర్ లేవదు.