పాచికల పౌరాణికుడు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే ఏ బల్ల దగ్గర చూసినా ఒక పౌరాణికుడు తగులుతాడు. ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: నలుగురైదుగురు చేరి తలా ఒక వేషం కడతారు, డీఎం అనే సూత్రధారి కథ నడుపుతాడు, దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల డైస్ వేసి తేల్చుకుంటారు. 1974లో అమెరికాలో పుట్టిన ఈ ఆట ఇప్పుడు కొండాపూర్ ఫ్లాట్లలో, శనివారం రాత్రి, బిర్యానీ ప్యాకెట్ల మధ్య సాగుతోంది. మన పౌరాణికుడు పగలంతా ఎవరిదో డేటాని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మోస్తాడు. రాత్రయితే క్లెరిక్, అంటే పూజారి. వేరే వేషం కట్టి ఎరగడు.

వేషం నచ్చి కాదు, తప్పులు పట్టడానికి అనువుగా ఉంటుందని. పాత నియమాల ప్రకారం క్లెరిక్ పదునైన ఆయుధం పట్టకూడదు, గద లాంటి మొద్దు సరుకే వాడాలి. అతని మంత్రాల్లో కర్రను పాము చెయ్యడం, నీళ్ళను రెండుగా చీల్చడం లాంటివి తిన్నగా బైబిల్ నుంచి దిగినవి. మనవాడు వెంటనే లేస్తాడు: “పరశురాముడి చేతిలో ఏముందిరా? ద్రోణుడు కౌరవులకి కర్రసాము నేర్పాడా?” డీఎం గొడ్డలి ఇచ్చేదాకా ఆట కదలదు.

రాక్షసుడి దగ్గరికొస్తే ఇంకా మంట. ఈ ఆటలో రాక్షసుడికి పులి తల. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ బొమ్మలో ఆ పులి దర్జాగా పైపు కాలుస్తూ ఉంటుంది. 1974లో వచ్చిన ఒక అమెరికన్ టీవీ సీరియల్ భాగం చూసి, ఈ ఆట కనిపెట్టినవాళ్ళలో ఒకడైన గ్యారీ గైగాక్స్ దాన్ని ఆటలోకి తెచ్చాడు. పైగా మతాచార్యుడు దీవించిన క్రాస్‌బో బాణం తగిలితే చాలు, చస్తుందట. “ఎస్వీ రంగారావుని ఒక్కసారి చూసినవాడెవడైనా రాక్షసుడికి పులి తల పెడతాడా?” అని అడుగుతాడు మనవాడు. దీనికి ఇంతవరకూ బల్ల దగ్గర ఎవరూ జవాబు చెప్పలేదు. నా దగ్గరా లేదు.

అసలు గొడవ దేవుళ్ళ లెక్కలది. ఈ ఆటలో దెబ్బలు తట్టుకునే శక్తిని హిట్ పాయింట్లలో కొలుస్తారు. 1976లో ఒక అనుబంధం, 1980లో డీటీస్ అండ్ డెమీగాడ్స్ అనే పుస్తకం వచ్చి, దేవుళ్ళకీ ఆ లెక్కలు కట్టాయి. జ్యూస్‌కి 400. మన ఇంద్రుడు, అగ్ని, యముడు, కాళి, శివుడు, విష్ణువు అందరికీ పట్టికలున్నాయి. 1976 అనుబంధం ముందుమాటలో పెట్టిన ఉద్దేశం వేరే: ఓడిన్, థోర్‌లాంటి దేవుళ్ళ శక్తే ఇంత అని చూపితే, నలభయ్యో లెవెల్ వీరులమని ఎగిరేవాళ్ళు సిగ్గుపడతారని. సిగ్గుపడింది మాత్రం తక్కువ. చాలామంది దాన్ని చంపాల్సినవాళ్ళ జాబితాగా చదువుకున్నారు.

మన పౌరాణికుడు ఆ పేజీలు ఫోన్‌లో పెట్టుకుని తిరుగుతాడు, తిట్టడానికి. అతని కోపంలో ఒక్క ముక్కకి నేను తల ఊపుతాను. ఆ పుస్తకంలో ఈజిప్టు, గ్రీసు దేవుళ్ళ పక్కనే మనవాళ్ళనీ కూర్చోబెట్టారు, ఏసుక్రీస్తు జోలికి మాత్రం పోలేదు. రోజూ హారతి అందుకుంటున్నవాళ్ళని మ్యూజియం అల్మరాలో సర్దారు.

అలాగని మనవాడి న్యాయం అందరికీ ఒకటే అనుకోకండి. అతని దగ్గరా ఒక రేటు కార్డుంది. ఇంద్రుణ్ణి కొట్టచ్చు, ఓడిపోవడం ఆయనకి అలవాటే. యముణ్ణి ఏడిపించచ్చు, యమగోల నుంచి యమదొంగ దాకా మన సినిమావాళ్ళు చేసిందదే. శివుడితో యుద్ధం కుదురుతుంది, అర్జునుడు చేశాడు, కాకపోతే చివర్లో వరం పుచ్చుకుని రావాలి. విష్ణువు దగ్గర మాత్రం డైస్ ముట్టుకోకూడదు. ఏడుకొండలవాడి పేరు అసలు బల్ల మీదికే రాకూడదు, తను డైస్ వేసేముందు తప్ప. “గోవిందా” అని కళ్ళు మూసుకుని విసురుతాడు. ఒకటి పడుతుంది. మిగతా నలుగురం “గోవిందా” అంటాం.

అమెరికాలో 1980లలో ఈ ఆట పిల్లల్ని సైతానుకి అప్పగిస్తుందని పెద్ద అలజడి రేగింది. సంఘాలు కట్టారు, కరపత్రాలు పంచారు. 1989 కూర్పులో కంపెనీ దయ్యాలనే తీసేసింది, తర్వాత పేర్లు మార్చి తిరిగి తెచ్చింది. మనవాడి తల్లికి సైతానుతో పేచీ లేదు. ఆవిడ దిగులల్లా దీపాలవేళ ఇంట్లో పాచికలేమిటని. “వైకుంఠపాళి ఆడుకోరాదట్రా, పుణ్యమైనా వస్తుంది,” అంటుంది.

నవంబరు వచ్చిందంటే మనవాడు అయ్యప్ప మాల వేస్తాడు. ఆట మానడు. నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా వచ్చి, సోఫా వదిలేసి నేలమీద కూర్చుంటాడు. మాలలో ఉన్నవాణ్ణి పేరుతో పిలవకూడదు, అతనూ ఎవరినీ పిలవడు.

“స్వామీ, గాబ్లిన్ స్వామి నీ వెనక నుంచి కత్తి దూశాడు.”

“చూశాను స్వామీ. నా వంతెప్పుడు స్వామీ?”

రాత్రికి సత్రం చేరతారు. సత్రంవాడు అడవిపంది కాల్చి తెస్తాడు.

“ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఏమైనా ఉందేమో కనుక్కో స్వామీ.”

“ఇది పాతకాలపు యూరప్ సత్రం స్వామీ.”

“పాలుంటాయిగా స్వామీ. రెండు అరటిపళ్ళు చూడమను.”

అక్కడితో అయిపోదు. వేషగాడు కూడా మాలలో ఉన్నాడు కాబట్టి పరుపు మీద పడుకోడు. చాప మీద పడుకుంటే ఎనిమిది గంటల విశ్రాంతి కిందికి వస్తుందా, పోయిన హిట్ పాయింట్లు తిరిగొస్తాయా? ఈ ధర్మసందేహం తేలేసరికి బిర్యానీ చల్లారుతుంది. ఆయనకి ఎలాగూ అక్కర్లేదు.

ఒకసారి డీఎం కుర్చీ అతనికే ఇచ్చాం. చెప్పింది బాగానే ఉంది: లొసుగులన్నీ మూయించి వరం రాయించుకున్న మొదటి ఆటగాడు హిరణ్యకశిపుడు, ఒక్క నియమమూ మీరకుండా వాణ్ణి గడప మీద పడగొట్టిన డీఎం నరసింహస్వామి. ఆడించేసరికి తెలిసింది, ఆ కోటలో గుమ్మం కాపలావాడికి కూడా వరముందని. పగలు చావడు, రాత్రి చావడు, ఇనుముకి చావడు. మేం గేటు దాటకుండానే తెల్లారింది.

ఆ ఆటలోనే, మాతో ఆడే క్రిస్టియన్ అమ్మాయిని, “నువ్వూ మీ చర్చి ఫాదర్ వేషం కట్టచ్చు కదా,” అని ఉదారంగా పిలిచాడు. “కడతాను అన్నా, కానీ మా దేవుడికి నంబర్లు వెయ్యొద్దు,” అంది. మనవాడు ముచ్చటపడి ఆ అమ్మాయికి రెండు మంత్రాలు ఎక్కువిచ్చాడు.

ఈమధ్య కొత్త డీఎం వచ్చాడు, కుర్రాడు. ఊరి పొలిమేరలో వేపచెట్టు కింద అమ్మవారి గుడి, దాని వెనక నిధి అని కథ పెట్టాడు. అమ్మవారే కాపలా. ఎవరో, “ఆవిడకెన్ని హిట్ పాయింట్లు?” అన్నారు.

పౌరాణికుడి మొహం పాలిపోయింది. పట్టిక అడగలేదు, పురాణం ఎత్తలేదు. “నిధీ వద్దు, ఏమీ వద్దు. మనవాళ్ళందరూ చెప్పులు విప్పి, ఒక కోడిని వదిలి, వెనక్కి చూడకుండా పొలిమేర దాటేశారని రాసుకో,” అన్నాడు. మేం ఓటు పెడదామన్నాం. ఫోన్ తీసి వాళ్ళమ్మకి చెప్తానన్నాడు. దాటేశాం.

పక్క ఊళ్ళో థోర్ ఎదురయ్యాడు. పాపం, మనవాడు కోపమంతా వాడి మీద తీర్చుకున్నాడు.