రెండు గంటల దేవతకు మంగళహారతి

థాయ్‌లాండ్‌లో రోజుకు రెండుసార్లు రెండు కొడుతుంది. రెండుసార్లూ నీదే రాజ్యం తల్లీ! మధ్యాహ్నం రెండుకు దుకాణాల్లో బీరు అమ్మకం ఆపించావు, అర్ధరాత్రి దాటాక రెండుకు బార్ల దీపాలు ఆర్పించావు. ఎండలోనూ వెన్నెల్లోనూ ఒకే అంకె మీద నిలబడి జనాన్ని ఉద్ధరించిన మద్యం వేళల చట్టానివి. నిన్ను పొగడకపోతే ఈ కలం ఎందుకు?

నీ జన్మవృత్తాంతమే పుణ్యకథ. 1972లో పుట్టావు. అంతకు ముందు ఏడాదే ఫీల్డ్ మార్షల్ థనోమ్ కిట్టికచోర్న్ తన ప్రభుత్వాన్ని తానే కూలదోసుకుని, పార్లమెంటును ఇంటికి పంపి, సైనిక మండలి పేరుతో ఏలుతున్నాడు. అంతటి నిగ్రహం ఉన్న పెద్దమనిషికి దేశంలో తాగుడు వేళాపాళా లేకుండా సాగుతోందని బెంగ కలగడం సహజమే కదా. పదకొండు నుంచి రెండు దాకా, మళ్లీ అయిదు నుంచి అర్ధరాత్రి దాకా అమ్ముకోండన్నాడు. సర్కారు ఉద్యోగులు మధ్యాహ్నం ఫైళ్లు వదిలేసి సీసా ముందు కూర్చుంటున్నారని, వాళ్లను కుర్చీల్లోకి తేవడానికే ఈ మందు వేశారని చెబుతారు. నీ సూక్ష్మబుద్ధి ఇక్కడే చూడాలి. భోజనం వేళ నిక్షేపంగా తాగవచ్చు. తాగి ఆఫీసుకు తిరిగొచ్చాక మాత్రం మళ్లీ కొనకూడదు!

ఆ ఉద్యోగి అప్పటికి పాతికేళ్ల కుర్రాడే అనుకున్నా 2025 నాటికి డెబ్బై ఎనిమిదేళ్ల తాతయ్య. పింఛను పుచ్చుకుని, మనవలను ఎత్తుకుని, ఫైలు మొహం చూసి ఎన్నాళ్లయిందో. అయినా నువ్వు ఆయన మీద నిఘా వదల్లేదు. ఆయన దొరకడు కనుక ఆయన బదులు పట్టాయా బీచికి వచ్చిన పరదేశిని పట్టుకున్నావు.

నీ మహిమ కళ్లారా చూడాలంటే మధ్యాహ్నపు నిషేధం ఉన్న రోజుల్లో సాయంత్రం నాలుగూ యాభై అయిదుకు సెవెన్ ఎలెవెన్‌లో నిలబడాలి. ఫ్రిజ్ అద్దాల వెనక సీసాలు చెమటలు కక్కుతుంటాయి. నిక్కరేసుకున్న ఆసామి ఒకడు రెండు సీసాలు పట్టుకుని కౌంటరు దగ్గరికి వస్తాడు. కౌంటర్లో పిల్ల నవ్వి గోడ గడియారం వైపు చూపిస్తుంది. తాను జాలిపడి ఇద్దామన్నా బిల్లు మిషను ఒప్పుకోదు, దానికి నీ మీద అంత భక్తి. ఆసామి సీసాలను చంకలో పెట్టుకుని నూడుల్స్ డబ్బాల మీద రాసింది చదువుతూ కాలక్షేపం చేస్తాడు. తెలివైనవాడు మాత్రం ఈపాటికి పక్క సందులో అవ్వ కొట్టుకు వెళ్లి, నల్ల కవరులో పెట్టించుకుని వచ్చేసి ఉంటాడు. కంప్యూటరు లేని కొట్టులో నీ చూపు కాస్త మందగిస్తుంది. వయసు మీద పడింది కదా.

దుకాణాల్లో అమ్మకం అర్ధరాత్రికే ఆగినా, బార్లలో రాత్రి రెండుకు నువ్వు దయచేసే తీరు వేరు. బీరు బార్లలో ఒక్కో గిరాకీ ముందూ చిన్న కప్పు ఉంటుంది, తెప్పించుకున్న ప్రతి సీసాకూ ఒక చీటీ అందులో చేరుతుంది. పైన ఒక గంట వేలాడుతుంది. మన హైదరాబాద్ బ్యాచ్‌లో ఉత్సాహవంతుడు ఒకడు గుళ్లో గంటే అనుకుని దాన్ని లాగుతాడు. లాగినవాడు అక్కడున్న అందరికీ తలా ఒకటి పోయించాలని ఆచారం. ఆ సంగతి కప్పులో చీటీలు నిక్కబొడుచుకున్నాకే తెలుస్తుంది. సరిగ్గా రెండుకు పది నిమిషాల ముందు "లాస్ట్ ఆర్డర్" అన్న కేక. ఒక్కటి చాలు అనుకున్నవాడు కూడా మళ్లీ దొరకదేమోనని మూడు చెప్పి, గంటసేపు తాగాల్సింది పది నిమిషాల్లో మింగేస్తాడు. తాగుడును తగ్గించలేకపోతేనేం, వేగం పెంచావు. తర్వాత వీధిలో ఉన్నవాళ్లందరినీ ఒకే నిమిషాన రోడ్డు మీదికి తోలి, అద్దె మోటారు సైకిళ్ల మీద ఎక్కించి, గోవిందా కొట్టించావు.

అందరినీ అనకూడదులే. కొన్ని చోట్ల షట్టరు సగమే దిగుతుంది. దాని కింద నుంచి పాట వినిపిస్తూనే ఉంటుంది. ఏ షట్టరు ఎంత ఎత్తులో ఆగాలో శాస్త్రం తెలిసినవాళ్లకే తెలుసు. నీ హుండీలో ఎవరెంత వేశారో రసీదులుండవు. రోడ్డు పక్కన తోపుడు బండి మీద నాలుగు సీసాలు పెట్టుకున్న మనిషికి మాత్రం నువ్వు పూర్తి నిడివిలో, ముహూర్తం తప్పకుండా వర్తిస్తావు. ఈ సమదృష్టి నీ ఒక్కదాని సొత్తు కాదులే. మా ఆంధ్రాలో 2025 పాలసీ బార్లకు రాత్రి పన్నెండు దాకా వేళ పెట్టింది. పన్నెండు తర్వాత ఏ షట్టరు ఎంత దిగుతుందో మాకు వేరే చెప్పాలా?

నీకు కోపం రాదు, అలకా తెలియదు. 2001లో హోం శాఖ చూసిన పురచై పియంసోంబూన్ సామాజిక క్రమశిక్షణ అంటూ నిన్ను ఊరేగించి నైట్‌క్లబ్బుల మీద దాడులు చేయించాడు, నవ్వావు. 2023 డిసెంబరు 15న స్రేథా తవిసిన్ ప్రభుత్వం బ్యాంకాక్, ఫుకెట్, పట్టాయా, చియాంగ్ మాయి, సముయి దీవి లాంటి చోట్ల నాలుగు దాకా తెరుచుకోమంది, అప్పుడూ నవ్వావు. క్రమశిక్షణ కావాలంటే రెండు, పర్యాటకుల డబ్బు కావాలంటే నాలుగు. సరిగ్గా ఆ ఏడాది నవంబరులోనే మన వాళ్లకు వీసా అక్కర్లేదన్నారు. తిరిగొచ్చిన బ్యాచ్‌లు "నాలుగు దాకా ఓపెన్ రా!" అంటూ ఆఫీసు క్యాంటీన్లలో నీ మాహాత్మ్యమే పారాయణం చేశాయి. నాలుగుకు తూలుతూ బయటపడితే, కాస్త ఓపిక పట్టినవాడికి భిక్షాపాత్రలతో వచ్చే భిక్షువుల దర్శనం కూడా దొరుకుతుంది. ఒకే టికెట్టు మీద భోగం, యోగం.

బౌద్ధ పర్వదినాల్లో అమ్మకం నిషేధించావు. పోలింగు ముందురోజు సాయంత్రం నుంచీ నిషేధించావు. ఆ రోజుల్లో కొన్ని బార్లలో కాఫీ కప్పుల అమ్మకం పెరిగేది. కాఫీకి నురగ రావడం, ఆ నురగ చల్లగా ఉండటం నీ లీల.

ఇంకొక ఉపకారం మరిచిపోతే పాపం తగులుతుంది. నాలుగు దాకా తెరిచే చోట్ల బండి నడిపేవాళ్ల ఊపిరి పరీక్షించాలని, మోతాదు మించితే కూర్చోబెట్టాలని రాశారు. అదే ప్రభుత్వం ఏటా కొత్త సంవత్సరానికీ సోంగ్‌క్రాన్ పండక్కీ "ప్రమాదకరమైన ఏడు రోజులు" అని పేరు పెట్టి, రోడ్ల మీద ఎందరు పోయారో రోజూ లెక్క చదువుతుంది. వేళలు పెంచే చెయ్యీ శవాలు లెక్కపెట్టే చెయ్యీ ఒకే ఒంటివి. లెక్కలో మాత్రం పొరపాటు రానివ్వవు.

అయితే తల్లీ, నీ దయ అందని ఒక మనిషి ఉంది. పట్టాయా వాకింగ్ స్ట్రీట్ వెనక సందులో మూడో అంతస్తు గదిలో అద్దెకుంటూ, పొద్దున్నే ఆరింటి షిఫ్టుకు వెళ్లి హోటలు గదుల్లో పక్క దుప్పట్లు మార్చే మనిషి. ఆమె అడిగేది సీసా ఎప్పుడు అమ్ముతారన్నది కాదు, స్పీకరు ఎప్పుడు ఆపుతారన్నది. మార్షల్ గారి గుమాస్తాను తలచుకున్నావు, పరదేశి జేబును తలచుకున్నావు, పోలింగు బూత్‌నూ తలచుకున్నావు. మూసే వేళ అంటూ ఒకటి ఉండటానికి ఉన్న ఏకైక న్యాయమైన కారణం ఆమె నిద్ర. అంత చిన్న విషయం నీ స్థాయికి తగదనుకున్నావేమో, మంచిదే.

2025 నవంబరులో నీకు కొత్త ఆయుధం ఇచ్చారు. అప్పటిదాకా శిక్ష ప్రధానంగా అమ్మినవాడిదే, ఇక వేళ మించి తాగుతూ కూర్చున్నవాడికీ 10,000 బాత్‌ల జరిమానా అన్నారు. ఒంటిగంటా యాభై తొమ్మిదికి న్యాయంగా కొన్న సీసా రెండూ అయిదుకు నేరమైపోతుందా అని హోటళ్లవాళ్లు గగ్గోలు పెట్టారు. వెంటనే డిసెంబరులో, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా అమ్మకానికి తలుపు తీశారు. అదీ ప్రయోగంగా, 180 రోజులే. నిన్ను నెత్తిన పెట్టిన రోజున ఎవరూ ఒక్క పూటైనా ప్రయోగం చేయలేదు. యాభై మూడేళ్ల తర్వాత నిన్ను మూడు గంటలపాటు పక్కన కూర్చోమనడానికి మాత్రం ఆరు నెలల పరిశీలన కావలసి వచ్చింది! ఆ పరిశీలనలో అమ్మిన సీసాలు లెక్కిస్తారు, వసూలైన పన్ను లెక్కిస్తారు. ఆ మూడో అంతస్తు మనిషి ఎన్ని గంటలు పడుకుందో లెక్కించే కాలమ్ మాత్రం ఏ ఫారంలోనూ ఉండదులే, నువ్వేం కంగారుపడకు.