ట్రయల్ పీరియడ్ మనిషి

తిరుపతి నుంచి చెన్నైకి పోయేవాళ్లకు వడమాలపేట అంటే టోల్‌ప్లాజా. ఫాస్టాగ్ పనిచేసిందా, గేటు లేచిందా, అంతే. ఆ రోడ్డుకు కాస్త లోపల, ఒక మిద్దె పైగదిలో, లోకంలో ఉన్న బగ్ ట్రాకింగ్ టూళ్లన్నిటికీ ఒకాయన వరసగా పరీక్షలు పెట్టి ఫెయిల్ చేస్తున్నాడని ఏ బండివాడికీ తెలియదు. లాక్‌డౌన్ అప్పుడు ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని బెంగళూరు నుంచి దిగి, మళ్లీ బస్సెక్కని బాపతు. ఊరికి కంప్యూటర్ సారు, టీముకు లీడన్న. ఇట్లాంటివాళ్లు మాదాపూర్‌లో ఉన్నారు, న్యూజెర్సీలో ఉన్నారు, మీ పక్క సీట్లో కూడా ఉండొచ్చు. మా వైపు మనిషి కాబట్టి నేను ఈయన్ను పట్టుకున్నాను.

టీము ఏడుగురిది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో కాటా దగ్గర నడిచే సాఫ్ట్‌వేర్ చేస్తారు. తోతాపురి సీజన్లో ట్రాక్టరు కాటా ఎక్కుతుంది, బరువు స్క్రీన్ మీద పడుతుంది, గుమాస్తా సేవ్ నొక్కుతాడు, రసీదు వస్తుంది. నెట్ నిదానంగా ఉంటే గుమాస్తాకు ఓపిక ఉండదు కదా, ఇంకోసారి నొక్కుతాడు. ఇంకో రసీదు వస్తుంది. లోడు ఒకటే, బిల్లులు రెండు. టెస్టింగు చేసే అమ్మాయి ఈ సంగతి సీజనుకు ముందే పట్టుకుంది.

"అన్నా, దీన్ని యాడ రాసి పెట్టేది?"

"యాడా రాయొద్దు మా. మంచి టూల్ చూస్తా ఉండా. అది వచ్చినాక దాంట్లోనే నీట్‌గా ఎక్కిద్దాం."

ఆ చూడటం ఎట్లా ఉంటుందో చెప్పాలి. ఆయన దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉంది. నిలువుగా టూళ్లు, అడ్డంగా అర్హతలు, ప్రతి గడిలో మార్కులు, మార్కులకు వెయిటేజీ, వెయిటేజీకి ఒక ఫార్ములా. పెళ్లిచూపులకు పోయినవాడికి కూడా అవతలివాళ్ల ఇంటి చరిత్ర ఇంత తెలియదు. బగ్‌జిల్లా సంగతి ఎత్తితే చాలు, 1998లో నెట్‌స్కేప్ కంపెనీ కోసం టెర్రీ వైస్‌మన్ దాన్ని ముందు టికల్ భాషలో రాశాడనీ, తర్వాత పెర్ల్‌లోకి మార్చాడనీ మొదలుపెడతాడు. మరి ఎందుకు తీసుకోలేదయ్యా అంటే, "పెర్ల్ ఇప్పుడెవురికి వస్తాది?" మాంటిస్ మంచిదే, స్క్రీను పాతకాలంది. రెడ్‌మైన్ ఇంకా మంచిదే, రూబీ తెలిసినవాడు టీములో లేడు. రేపు అది చెడిపోతే ఎవరు బాగుచేస్తారని ఆయన దిగులు. ఇంతవరకూ దేన్నీ ఇన్‌స్టాల్ చెయ్యలేదు గనక ఏదీ చెడిపోలేదు కూడా.

జిరా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాడు. ఆస్ట్రేలియాలో అట్లాసియన్ వాళ్లు 2002లో తెచ్చారు. మొదట తామూ బగ్‌జిల్లానే వాడుతూ దాన్ని గాడ్జిల్లా జపాను పేరుతో గోజిరా అని పిలుచుకునేవాళ్లట, మొదటి అక్షరం రాలిపోయి జిరా మిగిలింది. పదిమంది వరకూ ఉచితం. మీరు ఏడుగురే కదా అని ఎవరైనా అంటే ఆయన చూసే చూపు చూడాలి. "రేపు ఐదొందల మందిమి అయితే?" అయినా ఒక దశలో జిరాకే మనసు మళ్లింది. క్లౌడ్ వద్దు, మన డేటా మన మిషన్లోనే ఉండాలని, సొంత సర్వర్లో పెట్టుకునే రకానికి అత్యధిక మార్కులు వేశాడు. వేసి షీటు మూసేలోగా కంపెనీవాళ్లు 2021 ఫిబ్రవరిలో దాని కొత్త లైసెన్సుల అమ్మకం ఆపేశారు. 2024 ఫిబ్రవరి 15తో సపోర్టు కూడా ఆగిపోయింది. ఆ రోజు ఆయన ముఖంలో బాధ కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది. తొందరపడలేదు చూశారా అన్నట్టు.

క్వాలిటీ సెంటర్ కథ ఇంకోరకం. మెర్క్యురీ కంపెనీ టెస్ట్‌డైరెక్టర్‌గా మొదలుపెట్టింది. 2006లో హెచ్‌పీ కొన్నది, 2017లో మైక్రో ఫోకస్‌కు పోయింది, 2023లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి వచ్చింది. ఈయన షీటులో ఆ టూల్ గడులన్నీ మొదటినుంచీ ఖాళీ. ఓనర్ పేరు గడి మాత్రం ఎప్పటికప్పుడు సరిచేసి ఉంటుంది.

టెస్ట్ కేసులు రాసి పెట్టుకోవడానికి వేరే టూల్ కావాలన్నది ఆయన ఇంకో బెంగ. టెస్ట్‌లింక్, టెస్ట్‌రైల్ అయితే విడిగా నడుస్తాయి. జెఫిర్, ఎక్స్‌రే జిరా లోపల కూర్చునేవి. జిరా లేకుండా వాటికి మార్కులెట్లా వేశావని అడిగాను. "ఉంటే ఎట్లుంటాదో ఊహించి వేసినా" అన్నాడు.

పక్కనే రేణిగుంటలో జోహోకు ఆఫీసుంది, వాళ్లకు బగ్‌ట్రాకర్ అనే సరుకూ ఉంది. బండి మీద పోతే టీ చల్లారేలోగా చేరొచ్చు. ఆ వరసలో మాత్రం మార్కులు లేవు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇక మిగిలింది వర్క్‌ఫ్లో. బగ్ పుట్టిన దగ్గర్నుంచి మూసేదాకా ఎన్ని గుమ్మాలు దాటాలో బోర్డు మీద గీస్తాడు. బగ్‌జిల్లాలో 'వర్క్స్ ఫర్ మీ' అని ఒక తీర్మానం ఉంది, నా దగ్గర బాగానే నడుస్తోంది పొమ్మని. ప్రోగ్రామర్లు తరతరాలుగా నోటితో చెప్పే సాకుకు అధికారికంగా ఒక గడి కట్టించడం ఆయనకు తెగ నచ్చింది. తనూ ఒకటి చేర్చాడు: 'టూల్ వచ్చాక చూద్దాం'. ప్రస్తుతం బగ్‌లన్నీ అందులోనే ఉన్నాయి.

రెండు రసీదుల గొడవ మీద మీటింగు కూడా పెట్టాడు. దాని సివియారిటీ ఎంత, ప్రయారిటీ ఎంత. మొదటిది దెబ్బ ఎంత లోతు అని, రెండోది ముందు ఎవరి దెబ్బ చూడాలి అని. ఈ తేడా ఇంత చక్కగా విడమరచి చెప్పేవాణ్ని నేను ఇంకెక్కడా చూడలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆయన చెప్తుండగానే సీజను మొదలైంది. ఒకే లోడుకు ఒక రైతుకు రెండుసార్లు డబ్బు పోయిందని ఫ్యాక్టరీ అకౌంటెంటు లబోదిబోమన్నాడు. రైతు నుంచి మాత్రం ఏ ఫిర్యాదూ రాలేదు. పైగా "మీ కంప్యూటరు శానా బాగా పనిచేస్తా ఉండాది సామీ, దాన్ని కదిలించొద్దండి" అన్నాడట.

విరిగిన చెయ్యి మెడకు వేలాడేసుకుని పుత్తూరు కట్టుకు పోయేవాడు కట్టుగుడ్డ ఏ మిల్లుదని అడగడు. అట్లా పోయేవాళ్లు ఈయన ఊరి మీదుగానే పోతుంటారు. ఏ టూల్ తెరిచినా అది అడిగేది ఒకటే: ఏం చేశావు, ఏం జరిగింది, ఏం జరగాల్సింది, ఎవరు చూడాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ నూత్ అంతటివాడు, టెక్ అనే తన అచ్చుకూర్పు ప్రోగ్రాంలో దొరికిన తప్పులన్నీ 1978 నుంచి వరసగా రాసుకుంటూ వచ్చి, ఏ రకం తప్పుకు ఆ రకం అక్షరం వేసి, 1989లో ఎనిమిది వందల పైచిలుకు తప్పుల జాబితాను లోకానికి అచ్చేసి చూపించాడు. తన పుస్తకాల్లో కొత్త తప్పు పట్టినవాడికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవాడు. ఇది చెప్పినప్పుడు మా సారు చాలా శ్రద్ధగా విని, "ఆ జాబితా ఏ టూల్లో పెట్టినాడు?" అని అడిగాడు.

శనివారం అప్పలాయగుంటకు పోతాడు. అక్కడి ప్రసన్న వేంకటేశ్వరస్వామి అభయహస్తంతో ఉంటాడు. భయం లేదు పో అని స్వామి చెయ్యెత్తి చూపిస్తుంటే, ఈయన దాన్ని ఆగమని చెప్పినట్టు తీసుకుని ఇంటికొచ్చి ఇంకో ట్రయల్ మొదలుపెడతాడు. ట్రయల్ అయిపోతే ఇంకో మెయిల్ ఐడీ.

టెస్టింగు అమ్మాయి ఇవన్నీ చూసి ఒక లాంగ్‌బుక్ కొన్నది. తేదీ, ఏ ఫ్యాక్టరీ, ఏం నొక్కితే ఏమైంది, ఎవరికి చెప్పాను అని రాసుకుంటూ పోయింది. టీములో ఇంకో కుర్రాడు ఆ పుస్తకం చూసి, ఒకసారి నొక్కాక సేవ్ బటన్ పనిచేయకుండా చేశాడు. అదే లోడు నంబరు రెండోసారి వస్తే సర్వరే తిప్పికొట్టేట్టు చేశాడు. అమ్మాయి మళ్లీ పరీక్షించి ఆ వరసను ఎర్రసిరాతో కొట్టేసింది. ఆ పుస్తకం సంగతి సారుకు తెలిసింది. కోప్పడలేదు. దాన్ని కూడా షీటులో ఒక వరసగా చేర్చి మార్కులు వేశాడు. సెర్చ్ సదుపాయం లేదని తగ్గించాడు.

చదివేవాళ్లకు నాదొక మనవి. మీకు కొత్త టూల్ ఏదైనా తెలిసి ఉంటే దయచేసి వడమాలపేట దాకా రానివ్వకండి. ఆ షీటులో కింద ఇంకా చాలా వరసలు ఖాళీగా ఉన్నాయి.