గుడ్డి గుర్రానికి దాణా

కొత్త స్విఫ్ట్ డబ్బులకే పాత బెంజి వస్తుంటే స్విఫ్ట్ కొనేవాణ్ని ఏమనాలి? హైదరాబాద్ బంజారా హిల్స్ కాఫీ షాపుల్లో, అమీర్‌పేట టీ బండ్ల దగ్గర ఈ మధ్య తరచూ వినబడే ప్రశ్న ఇది. అడిగేవాడి ముఖంలో చిక్కు లెక్క విప్పేసిన మేష్టారి కళ ఉంటుంది. పదేళ్ల కిందట ముప్పై, నలభై లక్షలు పలికిన జర్మన్ సెడాన్ ఇవాళ ఎనిమిది, పది లక్షలకు దొరుకుతోంది కాబట్టి కొన్నవాడికి పాతిక, ముప్పై లక్షలు మిగిలినట్టేనట. ఆ పాతిక లక్షలు మన జేబులో ఎప్పుడున్నాయి, మిగలడానికి? ఆషాఢం తగ్గింపులో అవసరం లేని పట్టుచీరలు కొని, డబ్బు ఆదా చేశామని ఇంటిల్లిపాదీ సంబరపడే ఊరు మనది. అదే ఆషాఢం ఇప్పుడు నాలుగు చక్రాల మీద వచ్చింది. కావలసిందేమో రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి, నడుపుతుంటే కాస్త హుషారు పుట్టడానికి, నెలాఖరున అప్పు పుట్టించకుండా ఉండటానికి ఒక సెకండ్ హ్యాండ్ కారు. దానికి జవాబుగా మనకు చూపిస్తున్నది ఒకప్పటి కంపెనీ చైర్మన్ గారి వాహనం.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న మన సామెత సెకండ్ హ్యాండ్ కార్ల బజారు పుట్టక ముందే పుట్టింది గాని, ఆ బజారు కోసమే పుట్టినట్టుంది. కారు ధర వయసుతో పడిపోతుంది. విడిభాగాల ధరకు మాత్రం కారు వయసుతో పని లేదు. నలభై లక్షల కారుకు తయారైన హెడ్‌లైటు, ఆ కారు ఎనిమిది లక్షలకు దిగిన రోజున కూడా నలభై లక్షల కారు హెడ్‌లైటే. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పెద్ద కార్లలో గాలితిత్తి ఒకటి కారిపోయి, పొద్దున్నే కారు ఒకవైపు కుంగి పడుకుంటే, అసలు భాగం వేయించడానికి లక్ష మాట వినబడటం వింతేమీ కాదు. చాలా బీఎండబ్ల్యూల్లో స్టెప్నీయే ఉండదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి, వాటి ధర మామూలు టైరు ధర కాదు. ఇన్సూరెన్సు ఉందిగా అంటారా? జనం బంపర్ టు బంపర్ అని పిలుచుకునే పాలసీ మామూలుగా కొత్త కార్లకే దొరుకుతుంది, పదేళ్ల కారుకు ఇచ్చేవాళ్లు అరుదు. మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, ఎయిర్‌బ్యాగులకు సగం తరుగు తీస్తారు. పదేళ్లు దాటిన కారైతే ఇనుప భాగాలకూ సగమే. అంటే స్కూటీ వాడు వెనక నుంచి బంపర్‌కు తగిలినప్పుడల్లా సగం బెంజి మళ్లీ కొత్తగా కొనుక్కోవాలి.

ఇక్కడ ఒక చిన్న తర్కం ఉంది. దాన్ని ఎవరూ గమనించరని కాదు, గమనిస్తే సరదా పోతుందని పక్కన పెడతారు. కారు అంత చవగ్గా ఎందుకు వస్తోంది? అమ్మేవాడు వెర్రివాడై కాదు. ఆ కారును బాగా ఎరిగినవాడు, దాని ముందున్న ఖర్చులు కూడా ఎరిగినవాడు, ఇక చాలనుకున్న రోజున దాన్ని బజారులో పెట్టాడు. కొనుగోలుదారు మిగిలిందనుకుంటున్న డబ్బు నిజానికి ముందే రాసి పెట్టిన రిపేర్ల చిట్టా. బజారు దాన్ని ధరలోంచి తీసేసింది, అంతే.

ఇక రోడ్డు సంగతి. బేగంపేట వైపు నుంచి, ఖైరతాబాద్ వైపు నుంచి, అమీర్‌పేట వైపు నుంచి, నాగార్జున సర్కిల్ వైపు నుంచి వచ్చే బండ్లన్నీ పంజాగుట్ట కూడలిలో సాయంత్రం ఏడింటికి కలుసుకుంటాయి. అక్కడ రెండు వందల గుర్రాల ఇంజిన్ ఉన్న సెడాన్ ఆర్టీసీ బస్సు వెనక, ఆటోకు పక్కన, డెలివరీ కుర్రాడి మోచేతికి అంగుళం దూరంలో నిలబడి ఉంటుంది. ఆ రెండు వందల గుర్రాల్లో నూట ఎనభై ఏ పనీ లేక నిలబడి దాణా తింటుంటాయి. మీరు చూసిన కారులో డీపీఎఫ్ ఉన్న డీజిల్ ఇంజిన్ గనక ఉంటే పరిస్థితి మరీ దయనీయం. పొగలోని మసిని పట్టుకునే ఆ జల్లెడ తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కాసేపు ఏకధాటిగా పరుగెత్తాలి. ఏకధాటి అనే మాట పంజాగుట్టలో వాన గురించి తప్ప ఇంకో విషయంలో వాడరు. ఆ వాన వస్తే అమీర్‌పేట మైత్రీవనం ముందు నిలిచే నీళ్లలో తక్కువ ఎత్తున్న సెడాన్ పడవ పాత్ర పోషించాలి. దాని నిండా ఉన్న ఎలక్ట్రానిక్ పెట్టెలకు ఈత రాదు.

పైగా బంజారా హిల్స్ పేరుకు తగ్గట్టే గుట్టలు. ఒకప్పుడు బంజారాల తండాలున్న రాళ్ల కొండల మీద వేసిన రోడ్లు కాబట్టి ఎక్కుడు, దిగుడు, మలుపు, మళ్లీ ఎక్కుడు. రోడ్ నంబర్ 12 నుంచి ఏ సందులోకి తిరిగినా ఇదే వరస. ఈ వాలులో, ఈ మలుపుల్లో నడపడంలోనే నిజంగా సరదా ఉంది, సరైన కారు చేతిలో ఉంటే. సరైన కారు అంటే తేలికైన కారు. పాత ఆల్టో కే10 బరువు ఏడున్నర వందల కిలోలకు అటూ ఇటూ, ఇంజిన్ బలం 68 హార్స్‌పవర్. 2018లో వచ్చిన స్విఫ్ట్ బరువు తొమ్మిది వందల కిలోల లోపే, బలం 80కి కాస్త పైన. ఈ కార్లలో రెండో గేరులో నలభై దాకా లాగితే ఇంజిన్ గొంతు మారుతుంది, స్టీరింగ్ చేతికి కబురు చెబుతుంది, మలుపు తిరిగినప్పుడు తిరిగామని ఒంటికి తెలుస్తుంది. ఉన్న గుర్రాలన్నీ పనిలోకి దిగుతాయి. పదిహేడు వందల కిలోలు దాటే సెడాన్ అదే మలుపును దిండు మీద పడుకున్నట్టు దాటేస్తుంది. అది హాయి. కాదనడం లేదు. హాయికీ హుషారుకీ తేడా తెలియకపోవడమే ఇక్కడి తంటా. మనవాళ్లు పికప్ అనే ముచ్చటైన మాట ఒకటి వాడతారు. సిగ్నల్ పచ్చబడగానే ముందున్న నలభై అడుగుల ఖాళీని చప్పున అందుకోవడమే ఈ ఊళ్లో పికప్. ఆ నలభై అడుగులకు కావలసినదంతా ఆల్టోలో ఉంది.

మరీ ఆల్టో అంటే మనసు రాకపోతే ఫోర్డ్ ఫిగో ఉంది. 2015లో వచ్చిన ఆ తరం ఫిగోలో 100 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ ఉంటుంది, టన్నుకు కాస్త పైబడిన బరువు. బయటికి సాధువులా కనిపిస్తుంది గాని తొక్కితే సాధువు కాదు. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి జనం దాన్ని చూసి భయపడతారు. ఆ భయమే దాని ధర తగ్గించింది. మరొకటి ఫోక్స్‌వ్యాగన్ పోలో. 2022లో తయారీ ఆగిపోయాక దానికి అభిమాన సంఘం పుట్టి ధర దిగకుండా కాపలా కాస్తోంది. 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ మాన్యువల్ దొరికితే ఆ అభిమానానికి అర్థం ఉందని ఒప్పుకోవాలి. కొనేవాడికి కలిసొచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగి, కొత్త కార్ల ధరలు తగ్గాయి. పాత కారు అమ్మేవాడు అంతకు ముందటి ధర మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటే ఆ తేదీని మర్యాదగా గుర్తు చేయవచ్చు.

ఈ బేరాలు నడిచే భాష గురించి కూడా రెండు మాటలు చెప్పుకోవాలి. నిన్న చదువు ముగిసిన కుర్రాడి బయోడేటాలో మూడేళ్ల అనుభవం ఎలా మొలుస్తుందని సాఫ్ట్‌వేర్ కోచింగుల అమీర్‌పేట మీద ఊరంతా జోకులేస్తుంది. పాత కార్ల బజారులో అదే విద్య తలకిందులుగా నడుస్తుంది. లక్షన్నర కిలోమీటర్ల అనుభవం ఉన్న కారు నలభై వేల ఫ్రెషర్‌గా ఇంటర్వ్యూకి వస్తుంది. ‘డాక్టర్ గారి కారండీ’ అన్నది రెండో మంత్రం. ఈ ప్రకటనలన్నీ నిజమైతే నిమ్స్‌లో ఓపీ చూడటానికి ఎవరూ మిగలకూడదు, డాక్టర్లంతా కార్లు కొని అమ్మే పనిలోనే ఉండాలి. అయినా అర్ధరాత్రి ఎమర్జెన్సీ పిలుపు రాగానే చల్లటి ఇంజిన్‌ను ఒక్కసారిగా తొక్కి పరుగెత్తించే మనిషి కారు మెత్తగా ఎలా ఉంటుందో ఎవరూ అడగరు. ‘లేడీ డ్రివెన్’ మరీ విచిత్రం. ఆడవాళ్ల డ్రైవింగ్ మీద రోజంతా వెటకారం చేసే నోరే అమ్మకం దగ్గరికి వచ్చేసరికి దాన్ని యోగ్యతాపత్రంగా చూపిస్తుంది. ఈ నగరంలో తక్కువ తిరిగిన కారు అంటే అనుమానించకుండా నమ్మదగినది ఒక్కటే. ఆరో నిజాం ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్. ఆయన 1911లో కన్నుమూశాక, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ ఏడో నిజాం హయాంలోనూ అది కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అమ్మకానికి లేదు, డాక్టరుదీ కాదు.

చిన్న కారు కూడా అబద్ధం చెప్పగలదు కదా అంటారు. చెప్పగలదు. కానీ దాని అబద్ధం పట్టుకోవడం సులువు. నలభై వేలు తిరిగిన కారుకు క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు. టైరు పక్కన నాలుగంకెల్లో ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో రాసి ఉంటుంది. సీటుబెల్టును చివరిదాకా లాగితే 2020 అక్టోబరు వరదల్లో సెల్లారులో మునిగిందో లేదో బురద గీత చెబుతుంది. పేట పేటకూ ఉన్న మెకానిక్ షెడ్డులో ఏ మేస్త్రీ అయినా స్విఫ్ట్ బోనెట్ ఎత్తి పది నిమిషాల్లో జాతకం చెప్పేస్తాడు. పాత జర్మన్ కారు జాతకం చెప్పడానికి ప్రత్యేకమైన స్కానర్, దాన్ని చదివే మనిషి, ఆ మనిషికి ఫీజు కావాలి. పైగా అలాంటి డీజిల్ కార్లు కొన్ని ఢిల్లీ నుంచి వచ్చినవి. పదేళ్లు దాటిన డీజిల్ కార్లు అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పాక, ఎన్‌ఓసీ పుచ్చుకుని అవి దక్షిణాదికి తీర్థయాత్రకు బయల్దేరాయి. ఇక్కడ దిగాక లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలన్న సంగతి బ్రోకర్ గొంతులో బయానా ఇచ్చిన తర్వాతే పలుకుతుంది.

భద్రత గురించి వచ్చే అభ్యంతరం మాత్రం వెటకారంతో కొట్టిపారేయదగింది కాదు. బరువైన, ఆరేడు ఎయిర్‌బ్యాగులున్న కారు గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లను బాగా కాపాడుతుంది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన చిన్న కార్లను గోడకు గుద్ది చూస్తే ఆల్టో 800కు, అప్పటి ఫిగోకు సున్నా స్టార్లు వచ్చాయి. 2018 స్విఫ్ట్‌కు రెండే. ఎయిర్‌బ్యాగులు లేని పోలోకూ సున్నాయే. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు మాత్రం నాలుగు. టాటా టియాగోకు 2020లో పెద్దల రక్షణలో నాలుగొచ్చాయి. కాబట్టి చిన్న కారు కొనేవాడు అన్నిటికన్నా చవకైన మోడల్ మీద మోజు వదులుకోవాలి. 2019 ఏప్రిల్ తర్వాత తయారైన కారు చూసుకుంటే ఏబీఎస్ తప్పనిసరిగా ఉంటుంది, రెండు ఎయిర్‌బ్యాగులున్న మోడల్‌ను వెతుక్కోవాలి. ఇదంతా ఒప్పుకున్నాక కూడా పాత లగ్జరీ కారు భద్రత కాగితం మీద ఉన్నంత గట్టిగా రోడ్డు మీద ఉంటుందా అన్నది మిగులుతుంది. టైర్లు మార్చడానికే వెనకాడేవాడు, ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగును తిరిగి వేయించి అమ్మాడని నమ్మడానికి చాలా మంచితనం కావాలి.

ట్రాఫిక్‌లో ఎడమకాలు నొప్పెడుతుంది, ఆటోమేటిక్ కావాలి అంటే అది న్యాయమైన కోరిక. మాన్యువల్‌లోనే మజా అని ఉపదేశించేవాళ్లు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా హాఫ్ క్లచ్ మీద ఒక్క శ్రావణ శుక్రవారం నడిపి చూసి మాట్లాడాలి. చవగ్గా దొరికే ఏఎంటీ ఆటోమేటిక్‌లు గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం ఆలోచనలో పడతాయి, బంజారా హిల్స్ ఎక్కుడులో ఆగి కదిలేటప్పుడు కారు కాస్త వెనక్కి జారుతుంది. అలవాటు పడితే పరవాలేదు, పడలేనివాళ్లకు పాత ఐ10 ఆటోమేటిక్ ఉంది. సెలవు రోజున ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అప్పుడేం చేస్తావు అని ఇంకో ప్రశ్న. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 120. స్విఫ్ట్ ఆ వేగాన్ని అందుకుంటుంది. దాటాలనుకునేవాడి కోసం అక్కడ కెమెరాలున్నాయి.

పాత బెంజి మీద మోజుకు అసలు కారణం ఇవేవీ కావు. అసలు కారణం మర్యాద. స్టార్ హోటల్ గుమ్మంలో వాలే పార్కింగ్ కుర్రాడు బెంజి తలుపు తీసే తీరు వేరు, ఆల్టోను ఎక్కడ దాచాలా అని చూసే చూపు వేరు. పెళ్లి సంబంధాల దగ్గర, రియల్ ఎస్టేట్ మీటింగుల దగ్గర బోనెట్ మీది నక్షత్రం మనకన్నా ముందు మాట్లాడుతుంది. ఈ ఊళ్లో మర్యాదకు బహిరంగంగా వేలంపాట కూడా ఉంది. ఖైరతాబాద్ ఆర్టీఏలో 2024లో టీజీ 09 9999 అనే నంబరు పాతిక లక్షలు దాటి పలికింది. నాలుగు పాత స్విఫ్ట్‌ల ఖరీదు ఒక రేకు ముక్కకు. ఆ పాడినవాళ్ల లెక్క కనీసం సూటిగా ఉంది. మర్యాద కావాలి, కొన్నారు, ప్రభుత్వానికి కట్టారు. దాన్ని పొదుపు అని ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది లక్షలకు పాత సెడాన్ కొని, దాన్ని తెలివైన బేరమనీ, రోజువారీ బండి అనీ, డ్రైవింగ్ మీద ప్రేమ అనీ మూడు పేర్లతో పిలిచేవాడి దగ్గరే పేచీ. పైగా ఆ మర్యాద కూడా పూర్తిగా దక్కదు. నంబరు ప్లేటు మీద ఏపీ 09 అని ఉంటే చాలు, తెలంగాణ వచ్చిన 2014 కన్నా ముందటి కారని వాలే కుర్రాడికి తెలిసిపోతుంది.

అంతగా కావాలంటే పెళ్లిచూపులకు అలాంటి కారు ఒక పూట అద్దెకు దొరుకుతుంది, డ్రైవరుతో సహా. దిగేటప్పుడు తలుపు కూడా అతనే తీస్తాడు. దారిలో గాలితిత్తి పోతే షెడ్డుకు తీసుకెళ్లేదీ అతనే.