ఇఫ్ నాట్ ఎఫ్‌డీ: టీకా తాత్పర్య సహితము

మూలం:
ఎఫ్‌డీ = ఓపెన్(పేరు, ఓ_ఆర్‌డీఓన్లీ);
ఇఫ్ (!ఎఫ్‌డీ) పెర్రర్(పేరు);

అవతారిక: ఫైలు తెరుచుకోని పక్షంలో చేయదగిన విలాపాన్ని కవి వర్ణింపబూనుతున్నాడు.

ప్రతిపదార్థం: పేరు = ఫైలు నామధేయమును; ఓ_ఆర్‌డీఓన్లీ = చదువుటకు మాత్రమే; ఓపెన్ = తెరువుమని కెర్నెలును వేడగా; ఎఫ్‌డీ = అది దయచేసిన అంకె; ! = సున్న అయినచో; పెర్రర్ = కారణసహితముగా మొరపెట్టుకొనును.

తాత్పర్యం: ఫైలు తెరుచుకుంటే ఒక్కోసారి ఏడ్వవచ్చును, తెరుచుకోకపోతే మాత్రం ఎన్నడూ ఏడ్వరాదు.

వ్యాఖ్య: యునిక్స్ సంప్రదాయంలో ఓపెన్ విఫలమైతే వచ్చేది −1. సీ భాషకు సున్న ఒక్కటే అసత్యం కనక −1 ఈ పరీక్షలో దర్జాగా గట్టెక్కుతుంది. సున్నలో ఏ దోషమూ లేదు. స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను ముందే మూసుకున్న ప్రోగ్రాములో మొదట తెరిచిన ఫైలుకు దక్కేది ఆ సున్నే. కవి నిరపరాధిని పట్టుకుని దొంగను సాగనంపాడు.

పాఠాంతరం: విండోస్ ప్రతుల్లో క్రియేట్‌ఫైల్ ఫలితాన్ని నల్‌తో పోల్చిన పాఠం కనిపిస్తుంది. అదీ అపపాఠమే. అక్కడి వైఫల్యం ఇన్‌వాలిడ్_హ్యాండిల్_వాల్యూ. విప్పి చూస్తే మళ్లీ −1. అయితే లేఖకుణ్ణి నిందించడానికి మనసొప్పదు. అదే ఇంటి క్రియేట్‌ఈవెంట్, క్రియేట్‌థ్రెడ్, ఆఖరికి క్రియేట్‌ఫైల్‌మ్యాపింగ్ సైతం విఫలమైతే నల్లే ఇస్తాయి!

పూర్వపక్షం: ఈ రభసంతా ఎందుకు, నేరుగా ఎర్రర్ నంబరు చూస్తే పోదా?

సమాధానం: పోదు. క్రియేట్_ఆల్వేస్ అని అడిగినప్పుడు ఫైలు అంతకుముందే ఉంటే, క్రియేట్‌ఫైల్ దాన్ని చక్కగా తెరిచి ఇస్తూనే గెట్‌లాస్ట్‌ఎర్రర్‌లో 183 పెట్టి పోతుంది. ‘ఇదివరకే ఉంది సుమా’ అని దాని భావం. యునిక్స్ ఎర్నోదీ ఇదే వరస: పని సఫలమైనంత మాత్రాన పాత అంకెను తుడుచుకోదు. కనక ముందు ఫలితాన్నే చూడాలి. అది చెడిందని తేలాకే కారణం అడగాలి. ఆ కారణాన్నైనా వెంటనే దాచుకోవాలి, మధ్యలో ఒక్క ప్రింటెఫ్ దూరినా అది మారిపోవచ్చు.

విశేషం: ‘ఫైలు లేదు’ అనడానికి ఇరు సంప్రదాయాల్లోనూ అంకె 2. దీన్ని చూసి మురిసిపోయి తక్కిన పట్టికను కలిపి చదివినవారు చెడ్డారు. విండోస్‌లో 5 అంటే అనుమతి లేదు. లినక్స్‌లో అనుమతి లేకపోతే 13. అక్కడ 5 వచ్చిందంటే చూడవలసింది డిస్కు ఆరోగ్యం.

మూలంలో పెర్రర్ తర్వాత రిటర్న్ కూడా లేదు. దాన్ని లుప్తమని సమర్థించిన వ్యాఖ్యాత ఇంతవరకు దొరకలేదు.